టేపుకు రెండు అంచులు

హైదరాబాదులో ఒక మామూలు ఇల్లు లేవాలంటే ఎన్ని రకాల కొలతలు కావాలో చూడండి. స్థలం గజాల్లో కొంటారు. ప్లానుకు అనుమతి మీటర్లలో వస్తుంది. డ్రాయింగు మిల్లీమీటర్లలో ఉంటుంది. పునాది అడుగుల్లో తవ్వుతారు. సిమెంటు కిలోల్లో, ఇసుక యూనిట్లలో వస్తాయి. ఇనుము మందం మిల్లీమీటర్లలో, కోసే పొడవు అడుగుల్లో, బిల్లు టన్నుల్లో. ప్లైవుడ్ షీటు 8 అడుగులు, 4 అడుగులు అంటారు, దాని మందం మాత్రం 18 మిల్లీమీటర్లంటారు. కుళాయి ఇంచుల్లో, ట్యాంకు లీటర్లలో, మోటారు హార్స్‌పవర్‌లో. బోరు లోతు అడుగుల్లో చెప్పి, పడ్డ నీళ్లను ఇంచుల్లో చెబుతారు. ఇవన్నీ చివరికి ఒకే ఇంట్లో ఒదగాలి. వాటిని కొలిచి, కలిపి, ఎవరికి ఎంత ఇవ్వాలో కాగితం మీద పెట్టడం నా పని. సైట్లో మమ్మల్ని బిల్లింగ్ ఇంజనీర్లంటారు. చాలా ఏళ్లుగా ఇదే నా వృత్తి. ఇదంటే నాకు గౌరవం.

ఈ పనిలోకి కొత్తగా వచ్చే పిల్లల్లో రెండు రకాలవాళ్లు కనిపిస్తారు. డిప్లొమానో బీటెక్కో చదివి వచ్చినవాళ్లకు మీటరు తప్ప ఇంకో కొలత నోటికి రాదు. తాపీ పని చూస్తూ పెరిగినవాళ్లకు అడుగు మీద తప్ప నమ్మకం కుదరదు. ఇద్దరికీ నేను చెప్పేది ఒకటే. ఏ పద్ధతి గొప్పదన్న వాదన మనకొద్దు. ఏ వస్తువు ఏ కొలతలో తయారై వచ్చిందో తెలుసుకోండి. ఒక కొలత ఇంకో కొలతగా మారే చోటు ఎక్కడుందో కనిపెట్టండి. ఆ చోటు ఒక్కటే ఉండాలి. అది నోట్లో కాదు, కాగితం మీద ఉండాలి.

ముందు అంచు, తర్వాత అంకె

పాలిటెక్నిక్‌లో నేను చదివిందంతా మీటర్లే. సైటుకు వచ్చాక నాకు దొరికిన గురువు పాలమూరు నుంచి వచ్చిన పెద్ద మేస్త్రీ. సంతకం పెట్టేంత వరకే ఆయన చదువు. కానీ గోడ పక్కన నిలబడి, చేత్తో తాకకుండానే నిలువు తప్పిందో లేదో చెప్పగలిగేవారు. తర్వాత గుండు వేలాడదీసి చూస్తే ఆయన మాటే నిలిచేది. ఆయన నోట కొలత మూడు మాటల్లో వచ్చేది. "అయిదు, నాలుగు, రెండు." అంటే 5 అడుగుల 4 ఇంచుల 2 సూత్‌లు. సూత్ అంటే ఇంచులో ఎనిమిదో వంతు. డ్రాయింగు మీద అదే 1632 మిల్లీమీటర్లు.

నేను టేపు పట్టి అంకె చెప్పగానే ఆయన ఆపేవారు. "బిడ్డా, టేపుకు రెండు పక్కలుంటయి. ఏ పక్క సదువుతున్నవో ముందు చెప్పు. అంకె తర్వాత చెప్పు." నేను పుస్తకాల్లో నేర్చిన ఏ సూత్రానికన్నా ఆ మాటే నాకు ఎక్కువసార్లు పనికొచ్చింది. 150 అంటే మిల్లీమీటర్లా, సెంటీమీటర్లా? 6 అంటే అడుగులా, ఇంచులా, సూత్‌లా? విన్నవాడికి ఏది అలవాటో అదే అర్థం చేసుకుంటాడు. అంకె పక్కన కొలత పేరు లేకపోతే ఆ అంకె ఇంకా పూర్తి కాలేదన్నట్టే.

టేపు గురించి రెండు సంగతులు ఇప్పుడే చెప్పేస్తాను. స్టీలు టేపు చివరి కొక్కెం కాస్త వదులుగా ఆడుతుంది. కొత్తవాళ్లు అది చెడిపోయిందనుకుని సుత్తితో కొట్టి బిగిస్తారు. బిగించకండి. ఆ కదలిక కొక్కెం మందమంతే ఉంటుంది. గోడకు ఆనించి కొలిస్తే లోపలికి జరుగుతుంది, పలక అంచుకు తగిలించి లాగితే బయటికి జరుగుతుంది. రెండు చోట్లా కొలత సరిగ్గా రావాలనే అలా చేస్తారు. రెండోది, కొస అరిగిన టేపును ఒక అడుగు దగ్గర్నుంచో, 10 సెంటీమీటర్ల దగ్గర్నుంచో పట్టి కొలుస్తాం. అలా పట్టినవాడు "అడుగు వదిలి పట్టిన" అని గట్టిగా చెప్పాలి. చివర చదివేవాడు దాన్ని తీసేసి రాయాలి. ఈ మాట ఒకరు చెప్పి ఇంకొకరు వినకపోతే గోడ ఒక అడుగు తేడా వస్తుంది.

ఒంటి కొలతలు కూడా ఆయనే నేర్పించారు. జాన సుమారు 9 ఇంచులు, మూర 18 ఇంచులు, బార 6 అడుగులు అని పెద్దలు చెబుతారు. కానీ అందరి చేతులూ ఒకటి కావు. అందుకే మేస్త్రీ నా జానను టేపు మీద పెట్టించి రెండు అంచుల్లోనూ చదివించారు. నా అడుగు దూరాన్నీ, చెయ్యెత్తితే అందే ఎత్తునూ అలాగే చదివించారు. మీరూ ఈ మూడూ కొలిచి గుర్తుపెట్టుకోండి. టేపు చేతిలో లేనప్పుడు అవి మీకు సాయపడతాయి. టేపు తప్పు చెబుతున్నప్పుడు కూడా అవే ముందుగా అనుమానం పుట్టిస్తాయి.

కిలో వచ్చింది, అడుగు ఉండిపోయింది

కొత్తవాళ్లు అడుగుతుంటారు, దేశమంతా మెట్రిక్‌లోకి మారి ఇన్నేళ్లయినా మనమింకా అడుగుల్లో ఎందుకున్నామని. 1956లో పార్లమెంటు తూనికలు, కొలతల చట్టం చేసింది. 1957 ఏప్రిల్ 1 నుంచి రూపాయికి 100 నయాపైసలయ్యాయి. 1958 అక్టోబరు నుంచి మెట్రిక్ తూకాలు విడతలుగా వచ్చాయి. సేరు, వీసె, మణుగు పోయి కిలో నిలబడింది. ఇవాళ కూరగాయల బండి దగ్గర ఎవరూ వీసెల్లో అడగరు.

నేను చూసినంతలో కారణం ఇది. బియ్యం ఇవాళ కొంటాం, నెల తిరిగేసరికి అయిపోతాయి. అంగట్లో పాత తూకపు రాళ్లు తీసేసి కొత్తవి పెడితే మార్పు జరిగిపోయింది. భూమి అయిపోదు. తాత పేరున ఉన్న కాగితంలో ఎకరాలు, గుంటలు ఉంటే మనవడి కాగితం దానికి సరిపోలాలి. గోడ కూడా అంతే. 9 ఇంచుల గోడలో 7 అడుగుల ద్వారబంధం పెట్టి కట్టిన ఇల్లు యాభై ఏళ్లు నిలబడుతుంది. ఆ ఇంటికి తలుపు మార్చాలన్నా, పక్కన గది కలపాలన్నా పాత కొలతతోనే కలవాలి. వాడితే తరిగిపోయేవన్నీ త్వరగా మారాయి. నిలిచి ఉండేవి తమ కొలతను అట్టిపెట్టుకున్నాయి. అడుగు వాడే మేస్త్రీని వెనకబడ్డవాడని చూడకండి. ఆయన ఊళ్లో ఇప్పటికే నిలబడి ఉన్న ఇళ్లతో మాట్లాడుతున్నాడు.

ఇంకో సంగతి. అడుగుకూ ఇంచుకూ ఇప్పుడు సొంత ప్రమాణం లేదు. 1959లో అమెరికా, బ్రిటన్‌తోపాటు మరికొన్ని దేశాలు కుదుర్చుకున్న ఒప్పందం ప్రకారం గజం సరిగ్గా 0.9144 మీటరు. దాన్నిబట్టి ఇంచు సరిగ్గా 25.4 మిల్లీమీటర్లు, అడుగు సరిగ్గా 304.8. ఈ రెండంకెలూ సుమారు లెక్కలు కావు, కచ్చితమైనవి. మీ ఎం.బుక్, అంటే సైటు కొలతలు రాసే పుస్తకం, మొదటి పేజీలో వీటిని రాసుకోండి. వాటి కింద ఇంకో నాలుగు రాసుకోండి. చదరపు మీటరుకు 10.764 చదరపు అడుగులు. ఘనపు మీటరుకు 35.315 ఘనపు అడుగులు. చదరపు గజానికి 0.8361 చదరపు మీటరు. ఎకరాకు 4840 గజాలు.

భూమి లెక్క వచ్చింది కాబట్టి ఒక మాట. తెలంగాణలో ఎకరాకు 40 గుంటలు, గుంటకు 121 గజాలు. ఆంధ్రలో ఎకరాకు 100 సెంట్లు, సెంటుకు 48.4 గజాలు. గుంట అంటే 33 అడుగుల గొలుసుకు గొలుసు, 1089 చదరపు అడుగులు. నెల్లూరు వైపు అంకణాల్లో చెబుతారు. యజమాని ఏ జిల్లావారైతే ఆ లెక్కలోనే మాట్లాడతారు. వినండి, ఆయన చెప్పింది చెప్పినట్టే రాయండి, గజాల్లోకి మార్చిన లెక్కను పక్కన వేరుగా రాయండి.

25 లెక్క ఎక్కడిదాకా

సైట్లో అందరం ఒక అడ్డదారి వాడతాం. ఇంచు అంటే 25 మిల్లీమీటర్లు, అడుగు అంటే 300. డ్రాయింగులో 125 ఉంటే 5 ఇంచుల స్లాబు. 230 ఉంటే తొమ్మిదించుల గోడ, 115 ఉంటే నాలుగున్నర గోడ. ప్లాస్టరింగ్ 12 మిల్లీమీటర్లంటే అరించు, 20 అంటే ముప్పావించు. ఇందులో తప్పు లేదు. చిన్న కొలతల్లో తేడా ఒకటి రెండు మిల్లీమీటర్లే.

కానీ ఈ అడ్డదారికి ఒక హద్దుంది. 25కూ 25.4కూ మధ్య తేడా వందకు ఒకటిన్నర పైచిలుకు. జానెడు కొలతలో అది కనపడదు. 10 అడుగులకు దాదాపు 2 ఇంచులవుతుంది, 20 అడుగులకు దాదాపు 4 ఇంచులు. అందుకే నా దగ్గర నేర్చుకునేవాళ్లకు గట్టిగా చెబుతాను. గోడ మందానికీ, స్లాబు మందానికీ 25 లెక్క వాడండి. గోడ పొడవుకు ఎప్పుడూ వాడకండి.

నా తొలి గెలుపు ఈ తేడా దగ్గరే దక్కింది. నగరం అంచున ఒక ఇంటికి ముగ్గు పోశారు. కాలమ్‌ల నడిమి దూరం డ్రాయింగులో 6000. ఎవరో ఫోన్లో దాన్ని "ఇరవై అడుగులు" అని చెప్పారు. మార్కింగ్ చేసినవాళ్లు ఇరవై అడుగులకే గుర్తులు పెట్టారు. నేను వెళ్లింది తవ్వకానికి ముందు కొలతలు రాసుకోవడానికి. మూలలు 3, 4, 5 లెక్కతో చూశారు, సరిపోయింది. ఒక పక్క 3, ఇంకో పక్క 4 కొలిస్తే వాటి కొసల మధ్య 5 రావాలి. అది అడుగులైనా మీటర్లైనా ఒకటే. ఎదురెదురు మూలల మధ్య దారం లాగి చూశారు, రెండూ సమానం. అందరూ తృప్తి పడ్డారు.

నాకు మాత్రం వెనక ప్రహరీ దగ్గర ఖాళీ తక్కువగా అనిపించింది. ప్లానులో అక్కడ 1.5 మీటర్లు వదలాలి. నా నడకలో అది అంత లేదు. టేపు పెడితే 1.21 వచ్చింది. మూడు గదుల పొడవు, గదికి 96 మిల్లీమీటర్ల చొప్పున 288. పోయిన ఖాళీ సరిగ్గా అంతే. 6000 మిల్లీమీటర్లంటే 19 అడుగుల 8 ఇంచుల 2 సూత్‌లు, ఇరవై అడుగులు కాదు. తప్పు అన్ని పక్కలా ఒకే పాళ్లలో జరిగింది కాబట్టి మూలలు చక్కగా కుదిరాయి, దారాలూ సమానంగా వచ్చాయి. ఈ పాఠం మరవకండి. మూలమట్టం కోణాన్ని చెబుతుంది, పొడవును చెప్పదు. పొడవును చెప్పాలంటే ఇంటి బయట కదలకుండా ఉన్న ఒక గుర్తు కావాలి. ప్రహరీ, రోడ్డు అంచు, సర్వే రాయి, ఏదైనా సరే.

తవ్వకం మొదలు కాలేదు కాబట్టి ఆ పూటే ముగ్గు చెరిపి మళ్లీ పోశారు. పెద్ద మేస్త్రీ తన మనుషులందర్నీ పిలిచి, "బిడ్డ అంకె సూడలే, అంచు సూసింది" అన్నారు. ఆ రోజు నుంచి సైట్లో ముగ్గు పోస్తే నన్ను పిలిచి చూపించడం ఆనవాయితీ అయింది.

పేరు వేరు, సైజు వేరు

కొన్ని వస్తువుల పేరులోని అంకె వాటి కొలత కాదు. ప్లంబర్ "నాలుగించుల పైపు" అంటాడు. మురుగుకు వేసే ఆ పైపు మీద 110 మిల్లీమీటర్లని అచ్చు ఉంటుంది. నాలుగించులంటే 101.6 మాత్రమే. 110 అనేది పైపు బయటి కొలత. నాలుగించులనేది ఇంచుల కాలం నుంచి వస్తున్న పిలుపు.

ఒక అపార్ట్‌మెంట్‌లో ఈ తేడా తెలియక రెండంతస్తుల స్లాబుల్లో నాలుగించుల రంధ్రాలే వదిలారు. కాంక్రీటు గట్టిపడ్డాక పైపు దిగలేదు. ఒక్కో రంధ్రానికీ 8 మిల్లీమీటర్లకు పైగా తక్కువ. కోర్ కటింగ్ మిషను తెప్పించి మళ్లీ కొట్టించాల్సి వచ్చింది. ఇనుము తెగకుండా చూసుకుంటూ ఆ పని చేసిన కుర్రాళ్ల శ్రమ నేను పక్కనే ఉండి చూశాను. అప్పటి నుంచి నేను స్లీవుల పట్టీ, అంటే పైపుల కోసం స్లాబులో వదలాల్సిన రంధ్రాల పట్టీ, రాసేటప్పుడు మూడు గడులు గీస్తాను. పిలిచే పేరు, బయటి కొలత, వదలాల్సిన రంధ్రం. పైగా సెంట్రింగ్ మేస్త్రీ చేతికి జానెడు పైపు ముక్క ఇస్తాను. ఆ ముక్క దూరితే రంధ్రం సరిపోయినట్టే. అక్కడ భాషతో పని లేదు.

టైల్సుదీ ఇదే కథ. "రెండుకు రెండు" అని అడిగితే 600కు 600 మిల్లీమీటర్ల పలక ఇస్తారు. రెండడుగులంటే 609.6. పెట్టెకు నాలుగు పలకలు, 1.44 చదరపు మీటర్లు, అంటే 15.5 చదరపు అడుగులు. నోటి లెక్కలో అది 16 అడుగుల పెట్టె అయిపోతుంది. 310 అడుగుల హాలుకు 16 లెక్కన ఇరవై పెట్టెలు తెస్తే అర పెట్టెకు పైగా మిగలాలి. నిజానికి ఒక్క పలకా మిగలదు, అంచుల్లో కోతకు పోయేవాటికి ఇంకో పెట్టె కావాలి. రంగు తేడా రాకుండా అదే బ్యాచి దొరకడం తర్వాత కష్టం. కాబట్టి పెట్టె మీద అచ్చయిన చదరపు మీటర్లతోనే లెక్కేయండి.

వడ్రంగికి అల్మరా కొలతలిచ్చేటప్పుడు డ్రాయింగు చూసి ఇవ్వకండి. డ్రాయింగులో ఉండేది ఇటుక నుంచి ఇటుకకు. లోపల రెండు వైపులా 12 మిల్లీమీటర్ల ప్లాస్టరింగ్ పడితే గదిలో దాదాపు ఇంచు తగ్గుతుంది. ప్లాస్టరింగ్ ఆరాక, కింద, మధ్యలో, పైన మూడుచోట్ల కొలిచి తక్కువ వచ్చినదాన్ని ఇవ్వండి.

ఇనుము దగ్గర సూత్

రాడ్ మేస్త్రీ ఇప్పటికీ "మూడు సూత్, నాలుగు సూత్, ఐదు సూత్" అంటాడు. వచ్చేవి 10, 12, 16 మిల్లీమీటర్ల కడ్డీలు. మూడు సూత్‌లంటే 9.5, ఐదంటే 15.9. ఈ రెండూ దగ్గర దగ్గరే. నాలుగు దగ్గర జాగ్రత్త. నాలుగు సూత్‌లంటే అరించు, 12.7 మిల్లీమీటర్లు. తేడా ముప్పావు మిల్లీమీటరైనా కాలేదు, కానీ బరువు మందానికి వర్గంలో పెరుగుతుంది. అరించు కడ్డీ మీటరుకు దాదాపు కిలో తూగుతుంది. 12 మిల్లీమీటర్లది 0.889 కిలో. పాత అరించు లెక్కతో అంచనా కట్టి 12 తెప్పిస్తే, టన్నుల్లో వందకు 12 ఎక్కువ చూపిస్తారు.

బరువు కట్టే సూత్రం నోటికి రావాలి. మందాన్ని మిల్లీమీటర్లలో వర్గం చేసి 162తో భాగిస్తే మీటరుకు ఎన్ని కిలోలో వస్తుంది. 533తో భాగిస్తే అడుగుకు ఎన్ని కిలోలో వస్తుంది. లారీ వచ్చిన రోజు కాటా చీటీ ఒక్కటే చూసి సంతకం పెట్టకండి. కట్టలు విప్పి కడ్డీలు లెక్కపెట్టండి. 12 మిల్లీమీటర్ల కడ్డీ 12 మీటర్ల పొడవుంటే 10.67 కిలోలు. ఎన్ని కడ్డీలో అన్ని 10.67లు. కాటాకూ దీనికీ పెద్ద తేడా ఉంటే లారీని అక్కడే ఆపండి.

పొడవులో ఇంకో చిక్కుంది. 12 మీటర్ల కడ్డీని అందరూ "నలభై అడుగులది" అంటారు. నిజానికి అది 39 అడుగుల 4 ఇంచుల చిల్లర. నలభై అనుకుని పదేసి అడుగుల ముక్కలు నాలుగు వేసుకుంటే చివరి ముక్కకు ఏడించులకు పైగా తక్కువవుతుంది. కోత పట్టీ రాసేటప్పుడు 12,000 నుంచి మొదలుపెట్టండి, నలభై నుంచి కాదు.

బీము కడ్డీల చుట్టూ కట్టే రింగుల మధ్య దూరం విషయంలో పెద్ద మేస్త్రీ ఒక చక్కటి చిట్కా నేర్పారు. 150 దూరమని రాసి ఉంటే ఆయన దూరం కొలిచేవారు కాదు, రింగులు లెక్కపెట్టేవారు. 3 మీటర్ల బీములో 21 ఉండాలి. లెక్కలో పొరపాటుకు తావు లేదు, ఏ అంచుతో కొలిచారన్న ప్రశ్నే రాదు.

సూత్‌ను చిన్నచూపు చూసే ఇంజనీర్లకు ఒక సంగతి చెబుతాను. అమెరికాలో కడ్డీలకు నంబర్లుంటాయి. నంబర్ 3, నంబర్ 4, నంబర్ 5. ఆ నంబరు ఇంచులో ఎనిమిదో వంతులు ఎన్నో చెబుతుంది. అంటే అక్కడి నంబర్ 4 మన రాడ్ మేస్త్రీ నాలుగు సూత్‌లే. హైదరాబాదులో కూర్చుని అమెరికా భవనాలకు డ్రాయింగులు గీసే మన పిల్లలు అడుగులు, ఇంచులు, ఇంచులో పదహారో వంతుల్లో పనిచేస్తారు. నా దగ్గర నేర్చుకున్న ఒక అమ్మాయి అలాంటి ఆఫీసుకు వెళ్లింది. సైట్లో మేస్త్రీల దగ్గర భిన్నాలు నేర్చుకోవడం వల్ల అక్కడి డ్రాయింగు తనకు కొత్తనిపించలేదని చెప్పింది. కరీంనగర్, నిజామాబాద్, జగిత్యాల వైపు నుంచి గల్ఫ్ వెళ్లివచ్చిన మేస్త్రీలు ఇందుకు పూర్తిగా వేరు. గోడ మందం అడిగితే నేరుగా "రెండువందలు" అంటారు. మిల్లీమీటర్లు వాళ్లకు డ్రాయింగు చూడకుండానే వస్తాయి. వాళ్లను మా మేస్త్రీల పక్కన పెట్టి పని చేయించాను. నెల తిరగకుండా ఇద్దరికీ రెండూ వచ్చాయి.

మార్చేది ఒక్కసారే

ఇప్పుడు నా అసలు పనికి వస్తాను. కూలి రేట్లన్నీ అడుగుల్లో ఉంటాయి. ప్లాస్టరింగ్ చదరపు అడుగుకు ఇంత, స్కర్టింగ్ రన్నింగ్ అడుగుకు ఇంత. కంపెనీ కాంట్రాక్టు మాత్రం చదరపు మీటర్లు, ఘనపు మీటర్లలో ఉంటుంది. రెంటి మధ్య నిలబడేది బిల్లింగ్ ఇంజనీరు.

1200 చదరపు మీటర్ల ప్లాస్టరింగ్ జరిగిందనుకోండి. 10.764తో గుణిస్తే 12,917 అడుగులు. "సుమారు పదిన్నర" అనుకుని గుణిస్తే 12,600. పోయిన 317 అడుగులు ఎవరివి? తెల్లారకముందే పలక కట్టుకుని పైకెక్కిన తాపీ మనుషులవి. ఎక్కువ వేస్తే యజమానివి. మార్పిడిలో జారే ప్రతి అంకె వెనకా ఒక మనిషి జేబు ఉంటుంది. అందుకే దశాంశం తర్వాత మూడంకెలూ ఉంచండి. సర్దుబాటు చేయాల్సి వస్తే చివరి మొత్తం దగ్గర చేయండి, గది గదికీ చేయకండి.

నా పద్ధతి ఇది. కొలతకు వెళ్లేటప్పుడు మేస్త్రీని వెంట తీసుకెళ్తాను. ఆయన ఒక కొస, నేను ఒక కొస పట్టుకుంటాం. ఆయన భాషలోనే చదువుతాను, అడుగులు, ఇంచులు. అలాగే ఎం.బుక్‌లో రాస్తాను. కిటికీల తగ్గింపు ఆయన కళ్లముందే చేస్తాను. అర చదరపు మీటరు వరకు ఉన్న రంధ్రాలకు ప్లాస్టరింగులో తగ్గింపు లేదని భారత ప్రమాణం చెబుతుంది. అంటే 5.38 అడుగులు. అంతకన్నా చిన్న వెంటిలేటరును తగ్గిస్తే మేస్త్రీకి అన్యాయం చేసినట్టే. ఆ పేజీ కింద ఇద్దరం సంతకాలు పెడతాం. ఆఫీసుకు వచ్చాక అన్ని గదుల మొత్తాన్నీ ఒక్కసారి, ఒక్క వరుసలో మీటర్లలోకి మారుస్తాను. మార్చిన అంకె పక్కన దేనితో భాగించానో కూడా రాస్తాను. పదేళ్ల తర్వాత ఎవరు తెరిచినా దారి కనపడాలి.

అడుగుల్లో కొలిచి, మీటర్లలో రాసి, బిల్లు కోసం మళ్లీ అడుగుల్లోకి మార్చేవాళ్లను చూశాను. బిందెలోంచి బిందెలోకి పోసినప్పుడల్లా కొన్ని నీళ్లు ఒలుకుతాయి. ఎన్నిసార్లు తక్కువ పోస్తే అంత మంచిది.

ఇప్పుడు చేతుల్లో లేజర్ కొలత యంత్రాలున్నాయి. మంచివి, వాడండి. కానీ వాటిలో ఒక మీట నొక్కితే మీటర్లు అడుగులవుతాయి. జేబులోంచి తీసేటప్పుడు ఆ మీట నొక్కుకుపోవచ్చు. అందుకే నా దగ్గరి పిల్లలకు ఒక నియమం పెట్టాను. యంత్రం తీయకముందే గోడను చూసి రెండు కొలతల్లోనూ అంచనా చెప్పాలి. "పది అడుగులుంటది, మూడు మీటర్ల చిల్లర." తర్వాతే కొలవాలి. మొదట్లో రెండడుగుల దాకా తేడా వస్తుంది. కొన్నాళ్లకు రెండించుల్లోకి వస్తుంది. కన్ను అంత నిలకడకు వచ్చినవాళ్లను ఏ యంత్రమూ మోసం చేయలేదు. యంత్రం తప్పు చూపిస్తే వాళ్లకు వెంటనే తెలుస్తుంది.

ఈ విద్య నాకు ఒక్కరే ఇవ్వలేదు. సూత్ లెక్క పెద్ద మేస్త్రీది. 162 సూత్రాన్ని ఎక్కడ వాడాలో చూపింది ఒక రాడ్ మేస్త్రీ. ఎం.బుక్ రాయడం నేర్పింది మా మొదటి సీనియర్ ఇంజనీరు. ఆయన ఒక్క దిద్దుబాటు కూడా చెరిపి రాయనిచ్చేవారు కాదు. అడ్డంగా ఒక గీత గీసి, పక్కన సరైన అంకె రాసి, సంతకం పెట్టమనేవారు. స్లీవులకు మూడు గడులు గీయమన్న ఆలోచన ఒక ప్లంబర్‌ది. వాళ్లలో కొందరు మీటర్లలో ఆలోచించేవాళ్లు, కొందరు అడుగుల్లో. అందరూ నిజాయితీగా కొలిచేవాళ్లు.

మీరు ఏ కొలతలో చదువుకుని వచ్చినా మొదటి నెలలోనే రెండోది నేర్చుకోండి. మార్పిడి పట్టీ బట్టీపట్టడంతో ఆగకండి. ఆ కొలతలో పుట్టి పెరిగిన మనిషి పక్కన టేపు కొస పట్టుకుని నేర్చుకోండి. డ్రాయింగును మేస్త్రీకి చెప్పేటప్పుడు నోటితో మార్చి చెప్పకండి, ముందే కాగితం మీద మార్చి, సరిచూసి, ఆ కాగితం ఆయన చేతికివ్వండి. మేస్త్రీ చెప్పిన కొలతను ఆఫీసుకు చేర్చేటప్పుడు కూడా అంతే. ఇల్లు సరిగ్గా నిలబడటం, పనిచేసినవాళ్లకు సరిగ్గా డబ్బు అందడం, రెండూ ఈ ఒక్క అలవాటు మీదే ఆధారపడి ఉన్నాయి. ఆ రెంటికీ బిల్లింగ్ ఇంజనీరే జవాబుదారీ.